మునగాల దివానుగారి విజ్ఞానసర్వస్వము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేట దాటిన పిమ్మట, కోదాడకు ఈవల, మునగాల అను గ్రామము తగులును. 2016 వరకు ఇది నల్లగొండ జిల్లాలో ఉండెను; నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్నది. నిజాము ప్రభుత్వకాలమున దీని స్థితి విచిత్రమైనది. చుట్టును నిజాము రాజ్యమే అయినను, మునగాల పరగణా మాత్రము ఇంగ్లీషువారి పాలనలోని కృష్ణాజిల్లాకు చెందినదై, నీటి నడుమ దీవివలె నిలిచియుండెను. ఆ దీవికి దివానుగా ఉండి, తెలుగు చదువరికి ప్రపంచవిజ్ఞానమంతయు అందింపవలెనని సంకల్పించినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారి పేరు విననివారు మనలో అరుదు. కాని వారు తలపెట్టిన విజ్ఞానసర్వస్వము వర్ణమాల మొదటనే ఎందుకు ఆగినదో ఆలోచించువారు తక్కువ. వారి జీవితమును చెప్పుచు ఆ సంగతిని కొంత విచారింప దలచితిని.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనముననే తండ్రి గతించెను. ప్రాథమిక విద్య మన భువనగిరిలో జరిగెను. తరువాత అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట, నాగపూరులో, పెరిగి పెద్దవారైరి. అచ్చమాంబగారి భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజినీరు ఉద్యోగమున ఉండిరి. బడికి పోయి చదువుకొను భాగ్యము ఆమెకు లభింపలేదు. తమ్ముడు చదువుచుండగా తానును ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును రచించి, 1905 జనవరిలో, నడివయస్సు రాకముందే, కన్నుమూసినది. గురువు ఎదుట లేనివారు పుస్తకమును మాత్రమే నమ్ముకొని చదువవలసివచ్చినప్పుడు ఎక్కడెక్కడ తొట్రుపడుదురో లక్ష్మణరావుగారు తమ యింటిలోనే చూచియుందురు. వారి తరువాతి కృషికంతటికిని మూలము ఇందున్నదని నా నమ్మకము.

నాగపూరు నివాసమువలన వారికి మరాఠీ మాతృభాషవలె పట్టుబడెను. ఆ భాషలో వ్యాసములు వ్రాసి పండితుల మన్ననలు పొందిరి. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము పొందిరి. మునగాల రాజాగారైన నాయని వేంకటరంగారావు బహద్దరుగారి వద్ద దివానుగా చేరిరి. జమీందారీ లెక్కలు, కోర్టు వ్యవహారములు చూచుకొని కాలము గడుపుటకు ఆ కొలువు చాలును. వీరు ఆ కొలువును ఆధారముగా చేసికొని వేఱొక పనికి పూనుకొనిరి. రాజాగారు దానికి ధనమిచ్చిరి. ఆ కాలమున ఇట్టి దివాను దొరకుట ఎంత అరుదో, ఇట్టి రాజు దొరకుట అంతకన్న అరుదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దానిని నెలకొల్పినవారిలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. నిజాము రాజ్యమున నాడు పాలనయు విద్యయు ఉర్దూలో సాగుచుండెను. తెలుగువారి పిల్లలు ఉర్దూలో చదివి, ఉర్దూలో అర్జీలు వ్రాసి, ఇంటికి వచ్చి తెలుగులో మాటలాడుకొనుచుండిరి. నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడినది 1922లో. పాలమూరు బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించినది 1926లో. ఆ రెండింటికిని రెండు దశాబ్దములకు ముందే ఈ గ్రంథాలయము పుట్టినది. పుస్తకములుంచుటకు గది దొరకెను. కాని ఆ గదిలో ఉంచదగిన శాస్త్రగ్రంథములు తెలుగులో ఎన్ని కలవు? కావ్యములు, శతకములు, పురాణములు విస్తారముగా ఉండెను. రసాయనము, జీవశాస్త్రము, అర్థశాస్త్రము, దేశచరిత్ర ఇంచుమించు శూన్యము.

ఈ కొరతను తీర్చుటకు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు లక్ష్మణరావుగారికి తోడుగా నిలిచిరి. అబ్రహాము లింకను చరిత్రతో మండలి ప్రచురణములు మొదలాయెను. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మాలికలోనివే. లక్ష్మణరావుగారు తామే శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును రచించిరి. 1908లో మండలి మదరాసునకు తరలెను.

శాస్త్రమును తెలుగులో వ్రాయబూనిన ప్రతివానికి మొదటి వాక్యముననే ఒక చిక్కు ఎదురగును. ఇంగ్లండులో రసాయనశాస్త్రము వ్రాయువాడు, తన చదువరి బడిలో కొంత గణితము, కొంత పదార్థవిజ్ఞానము చదివియుండెనని తలచి ముందుకు సాగవచ్చును. అనుమానము కలిగిన చదువరి ప్రక్కనున్న మఱియొక పుస్తకము తెఱచును. తెలుగు చదువరికి ఆ ప్రక్క పుస్తకము లేదు. కావున విషయమునకు ముందు తెలిసియుండవలసిన పూర్వజ్ఞానమును ఎక్కడ చెప్పవలెను? గ్రంథారంభమున పీఠికగానా, విషయము నడుమ అవసరము కలిగినచోటనా, పుట అడుగున టిప్పణిగానా, లేక వేఱొక గ్రంథమునకు విడిచిపెట్టవలెనా?

ఇది క్రొత్త ప్రశ్న కాదు. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథసంప్రదాయమున దీనికి మూడు తావులు ఏర్పడియున్నవి. గ్రంథమునకు ముందు ముకద్దమా. పుట అంచున హాషియా. మూలమును వెన్నంటి నడచు షరహ్. 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్రగ్రంథమునకు వ్రాసిన ముకద్దమా అసలు గ్రంథమునే మరపించునంతగా పెరిగి, నేడు ప్రపంచమున విడిగానే చదువబడుచున్నది. పీఠికకు ఇట్టి ప్రమాదముకూడ కలదన్నమాట. మన సంస్కృత వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడైన మల్లినాథసూరి మెదకుసీమలోని కొలిచెలమవాడు. ఆధారము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది పలుకననియు ఆయన నియమము పెట్టుకొనెను. నియమము చక్కనిదే. కాని అవసరము ఎవరికి? పండితునకు అక్కఱలేనిది పామరునకు ప్రాణాధారము. మల్లినాథుని చదువరి అమరకోశమును కంఠస్థము చేసినవాడు. లక్ష్మణరావుగారి చదువరి రసాయనమునకు అమరకోశము వంటిది ఒకటి ఉండునని వినియైన ఎఱుగడు.

పేరు పెట్టుటలోనే పూర్వజ్ఞానము దూరునన్న సంగతిని ఇచ్చట ఒక మాటలో చెప్పవలెను. ఆనాటి తెలుగు శాస్త్రగ్రంథములలో ఆక్సిజనుకు ఆమ్లజని అను పేరు వాడుకైనది. ఆమ్లమును పుట్టించునది అని దాని అర్థము. ఐరోపావారి పేరునకు సరియైన అనువాదమే. కాని ఆమ్లములన్నిటికి ఇదియే కారణమని లవాయిజియరు తలచినది పొరపాటు. ఉప్పునుండి తీయు ఆమ్లమున ఆక్సిజను లేనే లేదని 1810లోనే డేవీ నిరూపించియుండెను. పదము అర్థమయినకొలది పొరపాటుకూడ అర్థమగును! ఉర్దూ పండితులకును ఈ బాధ తప్పలేదు. 1917లో హైదరాబాదున దారుత్తర్జుమా ఏర్పడి, మౌల్వీ అబ్దుల్ హక్ నాయకత్వమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పాఠ్యగ్రంథములు తయారగుచున్నప్పుడు, పదములను అరబ్బీనుండి తీయుటయా, వాడుక ఉర్దూనుండి తీయుటయా, ఇంగ్లీషు మాటనే ఉంచుటయా అని పెద్ద చర్చ జరిగెను. వహీదుద్దీన్ సలీమ్ 1921లో పరిభాషాకల్పనపై ఒక గ్రంథమే వ్రాసెను. అయితే దారుత్తర్జుమాకు ఒక సౌకర్యము ఉండెను. వారి పుస్తకము చదువువాడు తరగతిలో కూర్చుండును. పుస్తకము చెప్పని పూర్వజ్ఞానమును ఆచార్యుడు చెప్పును. మండలి పుస్తకము చదువువాడు దీపము ముందు ఒంటరిగా కూర్చుండును.

మండలి పుస్తకములు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్కటి కనుక, చిక్కును ఎటులో దాటవచ్చెను. అసలు పరీక్ష ఆంధ్ర విజ్ఞానసర్వస్వముతో వచ్చెను. 1912-13 ప్రాంతమున లక్ష్మణరావుగారు ఆ మహాప్రయత్నమునకు పూనుకొనిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులు వారికి సహాయకులైరి. విషయములను అకారాది క్రమమున కూర్చుటకు నిశ్చయింపబడెను.

అకారాది క్రమము వెదకువానికి మేలు, నేర్చుకొనువానికి కీడు. ఉదాహరణమునకు అయస్కాంతమును తీసికొందము. నేటి శాస్త్రము ప్రకారము అయస్కాంతమును వివరించుటకు విద్యుత్తు తెలియవలెను. అయస్కాంతము మొదటి సంపుటమున, విద్యుత్తు వకారమున. సంపుటములన్నియు అచ్చై అలమరలో ఉన్నచో, విద్యుత్తు చూడుడు అని ఒక్క సూచన వ్రాసి రచయిత ఊరుకొనవచ్చును. కాని సంపుటములు ఒకదాని వెనుక ఒకటి సంవత్సరముల తరబడి వెలువడుచున్నప్పుడు ఆ సూచన ఎక్కడికి దారి చూపును? ఇంకను వ్రాయని వ్యాసమునకు, ఇంకను అచ్చుకాని పుటకు, బహుశః ఎన్నడును రాని సంపుటమునకు. నమ్మి చందా కట్టిన చదువరికి అది అప్పుపత్రము వంటిది. కావున ప్రతి వ్యాసము తన కాళ్ళపై తాను నిలువవలసివచ్చెను. తనకు కావలసిన పూర్వజ్ఞానమును తన కడుపులోనే మోయవలసివచ్చెను. విజ్ఞానసర్వస్వములోని వ్యాసములు ఒక్కొక్కటి చిన్న గ్రంథమంత పెరుగుటకు ఇదియొక ముఖ్యకారణమని నేను తలచుచున్నాను. వానిలో పెక్కింటిని లక్ష్మణరావుగారే వ్రాసిరి. మూడు సంపుటములు వెలువడెను. వర్ణమాలలో మొదటి రెండు అచ్చులను దాటలేదు. మూడవ సంపుటము ఆంధ్రదేశమునకు, ఆంధ్రభాషకు సంబంధించిన విషయములకే అంకితమైనది. అంతలో ఐరోపా మహాసంగ్రామము, కాగితపు కరవు, ధనపు కొరత, అనారోగ్యము ఒకటి వెనుక ఒకటి వచ్చెను, పని నిలిచిపోయెను.

ఇతరులు ఈ చిక్కునుండి ఎట్లు బయటపడిరో చూచిన లక్ష్మణరావుగారి కష్టము తెలియును. 1768 నుండి 1771 వరకు ఎడింబరోలో వెలువడిన బ్రిటానికా మొదటి ముద్రణము, పెద్ద శాస్త్రములను అఖండ వ్యాసములుగా వ్రాసి, విడి పదములకు చిన్న వివరణములిచ్చి, వానినుండి పెద్ద వ్యాసములకు దారి చూపెను. అయినను మూడు సంపుటములలో మొదటిది ఇంగ్లీషు వర్ణమాలలోని తొలి రెండక్షరములకే సరిపోయెను. తక్కిన ఇరువదినాలుగును మిగిలిన రెండింటిలో ఇఱికింపబడెను. అనగా వారును మొదట మనవలెనే విస్తరించి, ఆపై బిగించిరి. వారు బిగించి ముగించిరి, మనవారు బిగింపలేదు. మహారాష్ట్రమున శ్రీధర వేంకటేశ కేత్కరుగారు 1920 తరువాత ప్రకటించిన జ్ఞానకోశమున వేఱొక మార్గము తొక్కిరి. అకారాది క్రమమునకు ముందే అయిదు ప్రస్తావనా సంపుటములు వెలువరించిరి. వానిలో అయిదవది విజ్ఞానశాస్త్రముల చరిత్ర. పూర్వజ్ఞానమంతయు గుమ్మమునొద్దనే! అది ఓపికగల చదువరికి గొప్ప వరమే. కాని అక్బరును గుఱించియో అశోకుని గుఱించియో చూడవచ్చినవాడు అయిదు సంపుటములు దాటి లోనికి వచ్చునా? బ్రిటానికావారు 1974లో పదునైదవ ముద్రణమున మొత్తము 30 సంపుటములను మూడుగా విభజించిరి: విజ్ఞానరూపరేఖకు ఒకటి, చిన్న వ్యాసములకు పది, పెద్ద వ్యాసములకు పందొమ్మిది. పదసూచిక లేదని చదువరులు గగ్గోలు పెట్టగా 1985లో దానిని చేర్చిరి. రెండు వందల ఏండ్ల అనుభవము గలవారికే పూర్వజ్ఞానమును ఎక్కడ ఉంచవలెనో తేలలేదన్నమాట.

ఈ చర్చ పాత గ్రంథముల ముచ్చటయని మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తలపవచ్చును. వారు నిత్యము వాడు కంప్యూటరు ప్రోగ్రాముల వివరణ పత్రములలో ఇదే వివాదము సాగుచున్నది. పైథాన్ భాషలో లెక్కలు చేయుటకు వాడు నంపై అను సాధనమును నిర్మించినవారు, వివరణ వ్రాయుటకు ఒక నియమావళి పెట్టుకొనిరి. ముందు ఒక వాక్యములో సారాంశము; పిమ్మట కొంచెము విస్తరణ; తరువాత ఈయవలసిన విలువలు, వచ్చు ఫలితము. సిద్ధాంతపు పూర్వజ్ఞానము మాత్రము విస్తరణలో ఉండరాదు, క్రింద ప్రత్యేకించిన గమనికల భాగమునకు పోవలెను. సైకిట్-లెర్న్ అను సాధనమువారు పూర్వజ్ఞానమునకు వేఱుగా ఒక మార్గదర్శినినే వ్రాసి, ప్రయోగవివరములను విడిగా ఉంచిరి. మొదటిది హాషియా పద్ధతి. రెండవది ఇంచుమించు కేత్కరుగారి పద్ధతి. పని తెలిసినవానికి రెండును సుఖము. వెదకినది వెంటనే దొరకును.

తెలియనివాని సంగతి యేమి? నల్లగొండ జిల్లా బావినీటి ఫ్లోరైడు పీడ లోకమెఱిగినదే. మన విద్యార్థి యొకడు రెండు మండలముల బావులనుండి నీరు తెచ్చి, ఫ్లోరైడు సగటులలో నిజమైన భేదము కలదా అని టి-పరీక్షచే తేల్చదలచెననుకొందము. సైపై అను సాధనమున ఆ పరీక్ష, వేఱుగా చెప్పనియెడల, రెండు సమూహములలోని హెచ్చుతగ్గుల వ్యాప్తి సమానమని తలచి లెక్క కట్టును. ఆర్ అను సాధనమున అదే పేరుగల పరీక్ష, వేఱుగా చెప్పనియెడల, ఆ వ్యాప్తులు సమానము కావని తలచి లెక్క కట్టును. అవే సంఖ్యలు, అదే పరీక్ష పేరు. ఫలితములు భిన్నములు కావచ్చును. ఈ సంగతి రెండింటి వివరణలలోను వ్రాసియే ఉన్నది. కాని వ్యాప్తి సమానము కాకున్న ఏమి ప్రమాదమో ముందు తెలియనివానికి, ఆ వాక్యము కంటబడినను మనసున నాటదు. పుస్తకమునకు, ప్రోగ్రామునకు ఇచ్చట గొప్ప భేదమున్నది. అర్థము కాని పుస్తకమును చదువరి మూసివేయును. అర్థము కాని ప్రోగ్రాము మాత్రము జవాబు చెప్పియే తీరును. ఆ జవాబు పరిశోధన పత్రములోనికి ఎక్కును, అందుండి బావి మూయుటకో మూయకుండుటకో కారణమగును. కావున ఫలితమును మార్చివేయు పూర్వజ్ఞానము ఎంత కొంచెమైనను ఆ విలువను అడుగుచోటనే చెప్పవలెననియు, ఫలితమును మార్చని సిద్ధాంతచరిత్ర ఎంత రమ్యమైనను క్రిందికి పోవచ్చుననియు నా అభిప్రాయము. లక్ష్మణరావుగారి వ్యాసముల నిడివికి వంక పెట్టువారు, వానిలో ఈ రెండవ జాతి విషయము ఎంత ఉన్నదో చూచి వంక పెట్టిన న్యాయముగా ఉండును. నిజమే, చాల ఉన్నది. చరిత్రపరిశోధకుడగుటవలన వారికి మూలము వెదకనిదే మనసొప్పలేదు. ఒక పదము ఎప్పుడు పుట్టెను, ఏ శాసనమున కానవచ్చెను అని తవ్వుకొని పోవుట వారి స్వభావము. ఆ స్వభావమే మనకు గొప్ప చరిత్రకారుని ఇచ్చెను. ఆ స్వభావమే సర్వస్వమును ముగింపనీయలేదు.

మదరాసులో వారి నివాసము పండితులకు సత్రము వంటిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919 మే 27న తుదిశ్వాస విడిచినది ఆ యింటనే. లక్ష్మణరావుగారు ఆపై నాలుగేండ్లు మాత్రమే జీవించిరి. 1923 జూలై 12వ తేదీన, నలుబదియారేండ్ల వయస్సున, మదరాసులో పరమపదించిరి. అక్కగారి పేరు పెట్టుకొన్న కుమార్తె డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. తమ్ముని ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చిన ఆ మేనత్త పేరు అట్లు పార్లమెంటులో వినబడెను.

సర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930వ దశకమున మరల చేపట్టిరి. 1938లో వారును గతించిరి. 1947లో మదరాసున ఏర్పడిన తెలుగు భాషాసమితి అకారాది క్రమమును విడిచి, చరిత్రకు ఒక సంపుటము, భౌతికశాస్త్రములకు ఒక సంపుటము అను రీతిని విషయక్రమము పట్టెను. ఒక విషయమునకు కావలసిన పూర్వజ్ఞానము ఆ సంపుటముననే ముందు పుటలలో ఉండును. లక్ష్మణరావుగారి చిక్కు అట్లు సగము తీరెను. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనముగారి సంపాదకత్వమున 1958 నుండి వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము అకారాది క్రమమునే ఉంచి, పేరుకు తగినట్లు వ్యాసములను సంగ్రహించెను. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సంపుటములు లేవు, పుటల లెక్క లేదు. పూర్వజ్ఞానమును వ్యాసమున వ్రాయ పనిలేదు. పదముపై వ్రేలు పెట్టిన చాలును, ఆ వ్యాసము తెఱచుకొనును. కాని కొన్ని పదములు ఎఱ్ఱని అక్షరములతో కానవచ్చును. వానిపై వ్రేలు పెట్టినచో, ఆ వ్యాసము ఇంకను ఎవరును వ్రాయలేదని తెలియును.